కొండల్లో వరదొస్తే తప్పు వానదా, వాగులో కట్టినోళ్లదా?

పటమట శీను:
మా బాబాయి వాళ్లు ఎనిమిది మంది జూన్‌లో చార్‌ధామ్ వెళ్తున్నారు. 2025 ఆగస్టు 5న గంగోత్రి దారిలోని ధరాలీలో హోటళ్లు కొట్టుకుపోయిన వీడియో ఎవరో మళ్లీ మా ఫ్యామిలీ గ్రూపులో పెట్టారు, దానికి మా అన్నయ్య "వాగు నోట్లో కడితే అంతే" అన్నాడు. నాకది అన్యాయం అనిపించింది. ఆకాశానికి చిల్లు పడితే ఎవరేం చేస్తారండీ?

గుణదల లక్ష్మి:
చిల్లు పడిందని ఎవరన్నారు శీను గారూ? గంటలో 10 సెంటీమీటర్లు పడితేనే వాతావరణ శాఖ దాన్ని క్లౌడ్‌బరస్ట్ అంటుంది, టీవీ వాళ్లకి మాత్రం ప్రతీదీ క్లౌడ్‌బరస్టే. ధరాలీ చుట్టుపక్కల ఆ రోజు నమోదైంది స్వల్ప వానే. 2022 జులై 8న అమర్‌నాథ్ గుహ దగ్గర టెంట్లు పోయినప్పుడు సాయంత్రం నాలుగున్నర నుంచి ఆరున్నర దాకా పడింది 31 మిల్లీమీటర్లు. అంత వాన మన దగ్గర వేసవిలో నాలుగు మామిడికాయలు రాల్చి, కరెంటు తీయించి పోతుంది. అక్కడ అదే నీరు నిట్టనిలువు వాలు మీంచి ఒకే ఇరుకు వాగులోకి దిగి, మట్టినీ బండల్నీ కలుపుకుని వస్తుంది.

బ్రాడీపేట రావు:
వాన కొలిచింది గుహ దగ్గర, పడింది పైన కొండ మీద కావచ్చు కదా లక్ష్మి గారూ. ఎండకి వేడెక్కిన తేమగాలి వాలు పట్టుకుని పైకెక్కి, మధ్యాహ్నానికి మబ్బు కట్టి, ఉరుములతో అక్కడే కుమ్మరిస్తుంది. పక్క లోయలో చుక్క ఉండదు. ఆ శిఖరాల మీద కొలిచేదెవరు? నమోదు కాలేదు కాబట్టి పడలేదంటే ఎలా?

గుణదల లక్ష్మి:
అది ఒప్పుకుంటా. కానీ పైన ఎంత పడిందో తేలకపోయినా కింద హోటల్ ఎక్కడుందో కనబడుతూనే ఉంది కదా. ధరాలీ బజారు ఉన్నదే ఖీర్ గంగ వాగు ఒకప్పుడు తెచ్చిపోసిన మేట మీద. 2013లో కేదార్‌నాథ్‌ని ముంచింది కూడా వానొక్కటే కాదు, పైన చోరాబారి సరస్సు గట్టు తెగింది. అంత దూరం ఎందుకు, మన బుడమేరు? 2024 సెప్టెంబరు 1, ఆదివారం. సింగ్‌నగర్‌లో మా పిన్ని వాన తెరిపిచ్చిందని దండెం మీద బట్టలు ఆరేస్తుంటే బాత్రూం తూములోంచి నీళ్లు బుడబుడమని పైకొచ్చాయి, మధ్యాహ్నానికి ఫ్రిజ్ తేలింది. వాళ్ల వీధిలో పడ్డ వాన కాదది, మైలవరం కొండల వైపు నుంచి వచ్చింది.

పటమట శీను:
అయితే వెళ్లొద్దంటారా?

బ్రాడీపేట రావు:
వెళ్లనివ్వండి. తెల్లారకముందే నడక మొదలెట్టి ఉరుములు మొదలయ్యేలోపు గదికి చేరమనండి. వాగు నీళ్లు ఉన్నట్టుండి బురద రంగుకు తిరిగితే సెల్ఫీలు మానేసి పక్కనున్న గట్టెక్కాలి, వాగు వెంట కిందికి పరుగెత్తకూడదు. గది మాత్రం ఏటికి బాగా ఎత్తున తీసుకోండి.

పటమట శీను:
గదులకి అడ్వాన్స్ కట్టేశారు సార్. బాల్కనీ కిందనుంచే నది పోతుందని బాబాయి ఎక్స్‌ట్రా ఇచ్చి మరీ తీసుకున్నాడు.