పాత చిమ్నీలో వాటర్ హీటర్ గొట్టం ఒక్కటే మిగిలితే ప్రమాదమా?

ప్రశ్న (న్యూజెర్సీ నుంచి):
మేము కొన్న ఇల్లు 1920లలో కట్టినది. ఇంటిని వెచ్చబరిచే పాత గ్యాస్ ఫర్నేస్‌ను తీయించి, పొగను ప్లాస్టిక్ గొట్టం ద్వారా పక్క గోడలోంచి బయటికి పంపే కొత్త రకం పెట్టించాము. ఇప్పుడు ఇటుక చిమ్నీలోకి వెళ్తున్నది గ్యాస్ వాటర్ హీటర్ పొగ గొట్టం (వ్యాసం 3 అంగుళాలు) ఒక్కటే. ఈ చలికాలం చిమ్నీ ఇటుకల మీద తెల్లని ఉప్పు పొర, బేస్‌మెంట్‌లో చెమ్మ కనిపిస్తున్నాయి. అది వర్షం నీరేనని ఫర్నేస్ బిగించినవారు అంటున్నారు. నిజమేనా అండి?

మొదటి జవాబు:
వర్షం నీరూ కావచ్చు గాని, నా అనుమానం ఫర్నేస్ మార్పు మీదే. గ్యాస్ మండినప్పుడు నీటి ఆవిరి చాలా పుడుతుంది. ఇన్నాళ్లూ ఫర్నేస్ వేడికి చిమ్నీ వెచ్చగా ఉండి ఆ ఆవిరి పైకప్పు దాటిపోయేది. చిన్న హీటర్ వేడి అంత ఇటుక కట్టడానికి, అందులోనూ బయటి గోడకు ఆనుకొని చలిలో నిలిచిన దానికి, చాలదు కనుక ఆవిరి లోపలే ఆమ్లగుణమున్న నీరుగా మారి చిమ్నీ లోపల పొగదారికి తొడుగుగా ఉండే మట్టి పెంకుల లైనర్ అతుకులనూ గారనూ తినేస్తుంది. అక్కడి గ్యాస్ నియమావళి ప్రకారం ఇలా ఒక్క హీటరే ఉన్నప్పుడు చిమ్నీ లోపలి వైశాల్యం దాని గొట్టం వైశాల్యానికి 7 రెట్లు మించరాదు. మీ గొట్టానికి అది సుమారు 49 చదరపు అంగుళాలు. మీ చిమ్నీ లోపలి కొలత ఎంత?

అడిగినవారు:
7 అంగుళాలకు 11. అంటే 77.

రెండో జవాబు:
అలాగైతే గోడ చెమ్మ సంగతి తరువాత. పొగ పైకి లాగకపోతే కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువు ఇంట్లోకే తిరిగి వస్తుంది, దానికి వాసన ఉండదు. తలుపులు, కిటికీలు మూసి, బట్టల డ్రయర్, స్నానాల గదుల, వంటగది గాలిని బయటికి పంపే ఎగ్జాస్ట్ ఫ్యాన్లు అన్నీ వేసి, హీటర్ వెలిగిన ఐదు నిమిషాల తరువాత దాని పైన పొగ గొట్టం మొదట్లో ఉండే గొడుగులాంటి రేకు అంచు దగ్గర అగరువత్తి పట్టండి. అగరువత్తి పొగ ఆ రేకు లోపలికి లాగకుండా మీ వైపు వస్తే హీటర్ ఆపి బాగుచేసేవారిని పిలవండి. లాగినా నిశ్చింత పడవద్దు, గాలి వాటం మారితే ఫలితమూ మారుతుంది. పడకగదుల దగ్గర కార్బన్ మోనాక్సైడ్ అలారం తప్పనిసరి.

మొదటి జవాబు రాసినవారు:
ఉపకరణం మార్చినప్పుడు కెమెరాతో లోపలంతా చూసే రెండో స్థాయి తనిఖీ చేయించాలని చిమ్నీల గురించిన అమెరికా అగ్నిభద్రతా ప్రమాణం ఎన్ఎఫ్‌పీఏ 211 చెబుతుంది. అది ముందు చేయించండి. పెంకులు పగిలినా పగలకపోయినా, హీటర్‌కు సరిపడే సన్నని లోహపు లైనర్‌ను పైనుంచి దింపించడం మీకు తగిన మార్గం. చిమ్నీ అసలే వద్దనుకుంటే ఫ్యాన్‌తో పక్క గోడలోంచి పొగ వదిలే హీటర్లున్నాయి. ఇటుకల మీద నీరంటని పూత వేస్తామని ఎవరైనా వస్తే మాత్రం ఇప్పుడే ఒప్పుకోకండి, తడి లోపలి నుంచి వస్తోందనే నా అనుమానం.