పాపకి మూత్రం వెనక్కి ఎక్కుతోంది (రిఫ్లక్స్ గ్రేడ్ 3, గ్రేడ్లు 1 నుంచి 5 దాకా). కిడ్నీకి మచ్చ పడకుండా ఏం చూసుకోవాలి?

కాశీనగర్ సిస్టర్:
నమస్కారమండీ. మాది ఒడిశా, గజపతి జిల్లా. మా సబ్‌సెంటర్ పరిధిలో రెండున్నరేళ్ళ పాప, బరువు 12 కేజీలు. ఎనిమిది నెలల్లో మూడుసార్లు చలిజ్వరం. మొదటి రెండుసార్లూ మలేరియా కిట్ నెగెటివ్ వచ్చింది, యాంటీబయాటిక్ వేశారు, తగ్గింది. యూరిన్ ఎవరూ చూడలేదు. మూడోసారి కల్చర్‌లో (మూత్రంలోని క్రిమిని పెంచి చూసే పరీక్ష) ఈ.కోలై అనే క్రిమి, మి.లీ.కి లక్షకు పైన. అల్ట్రాసౌండ్ నార్మల్. బరంపురంలో ఎంసీయూ (ఉచ్చ పోస్తుండగా తీసే ఎక్స్‌రే) తీస్తే కుడివైపు గ్రేడ్ 3, ఎడమవైపు గ్రేడ్ 2. రోజూ రాత్రి కోట్రైమాక్సజోల్ సిరప్ రాశారు. స్కాన్ నార్మల్ అయితే రిఫ్లక్స్ ఎలా ఉంటుంది? ఆపరేషన్ కావాలా? మళ్ళీ జ్వరం వస్తే, శాంపిల్ ల్యాబ్‌కి చేరడానికి మూడు గంటలకు పైనే పడుతుంది, ఎలా పంపాలి? పాప నాయనమ్మ "ఉద్దానం జబ్బు మా ఇంటికీ వచ్చింది" (శ్రీకాకుళం వైపు ఉద్దానంలో ఎక్కువగా ఉన్న కిడ్నీ జబ్బు) అని ఒకటే ఏడుపు. ఆవిడకేం చెప్పను?

పిల్లల వార్డు:
అల్ట్రాసౌండ్‌లో కనిపించేది వాపు. మూత్రం ఎటు పోతోందో అందులో తెలియదు. గ్రేడ్ 3లో కూడా స్కాన్ నార్మల్‌గా రావచ్చు. ఎంసీయూలో సన్న గొట్టంతో మూత్రసంచిలోకి రంగు మందు ఎక్కించి, పాప ఉచ్చ పోస్తుండగా ఎక్స్‌రే తీస్తారు కాబట్టి వెనక్కి ఎక్కేది కంటికి కనబడుతుంది.

కిడ్నీ నుంచి వచ్చే మూత్రనాళం సంచి గోడలోకి నిటారుగా దిగదు, ఏటవాలుగా కొంతదూరం గోడలోపలే నడుస్తుంది. సంచి నిండి బిగిసినప్పుడు ఆ ముక్క నొక్కుకుని మూసుకుంటుంది. మామూలుగా దాని పొడవు నాళం వెడల్పుకి ఐదింతలు ఉండాలి. ఈ పిల్లల్లో పుట్టుకతోనే అది పొట్టిగా ఉంటుంది. ఒళ్ళు పెరిగేకొద్దీ అదీ సాగుతుంది. గ్రేడ్ 1, 2 ఎక్కువమందిలో కొన్నేళ్ళకి వాటంతటవే పోతాయి. గ్రేడ్ 3 దాదాపు సగం మందిలో పోతుంది. అందుకే ఈ పాపకి ఇప్పుడే ఆపరేషన్ అనరు. మందు వాడుతున్నా జ్వరంతో ఇన్ఫెక్షన్లు తిరగబెడితే, కొత్త మచ్చలు పడితే, గ్రేడ్ 4, 5 ఏళ్ళు గడిచినా తగ్గకపోతే అప్పుడు ఆలోచిస్తారు.

అసలు సంగతి ఇదీ: క్రిమి లేని మూత్రం మామూలు ఒత్తిడితో వెనక్కి ఎక్కితే కిడ్నీకి పెద్దగా హాని లేదు. క్రిమి ఉన్న మూత్రం ఎక్కితేనే మచ్చ. కిడ్నీ లోపల మూత్రం కారే మొనలు మధ్యభాగంలో శంకువులా ఉంటాయి, ఒత్తిడికి మూసుకుపోతాయి. పైకొసన, కిందికొసన రెండు మూడు కలిసిపోయి చదునుగా ఉంటాయి, అవి మూసుకోవు. క్రిమి అక్కడినుంచే కండలోకి దూరుతుంది. మచ్చలు ఎక్కువగా ఆ కొసల్లోనే కనబడేది అందుకే. జ్వరం మొదలై 72 గంటలు దాటాక వైద్యం మొదలైతే మచ్చ పడే అవకాశం పెరుగుతుంది.

మన వైపు పిల్లల జ్వరం అంటే మలేరియా కిట్, తర్వాత వైడల్ (టైఫాయిడ్ పరీక్ష), తర్వాత ఏదో ఒక యాంటీబయాటిక్. ఈ పాపకి రెండు జ్వరాలు అలాగే గడిచిపోయాయి. దగ్గు, జలుబు లేని జ్వరానికి మలేరియా కిట్ తీసిన రోజే యూరిన్ కూడా తీయండి, యాంటీబయాటిక్ మొదటి డోసు పడకముందే.

రాత్రి మందు లెక్క: ట్రైమెథోప్రిమ్ (కోట్రైమాక్సజోల్‌లో ఉండే రెండు మందుల్లో ఒకటి) కేజీకి 2 మి.గ్రా. చొప్పున 24 మి.గ్రా. సిరప్ 5 మి.లీ.లో 40 మి.గ్రా. ఉంటుంది కాబట్టి 3 మి.లీ. చెంచాతో కాదు, సిరంజితో. సీసా మీద బలం ఒకసారి చూడండి. జీ6పీడీ (ఎర్ర రక్తకణాల్ని కాపాడే ఎంజైమ్) పరీక్ష చేశారా? మన ఏజెన్సీలో ఆ లోపం ఉన్న పిల్లలున్నారు, వాళ్ళకి ఈ మందుతో రక్తకణాలు పగిలిపోయే ప్రమాదం ఉంది. చేయకపోతే డాక్టర్‌గారిని అడగండి.

ఈ మందు ఉంది కదా అని ధీమా వద్దు. 2014లో వెలువడిన రివర్ అధ్యయనంలో 607 మంది పిల్లల్ని రెండేళ్ళు చూశారు. మందు వాడిన 302 మందిలో 39 మందికి, మందు లేని ఉత్తి సిరప్ తాగిన 305 మందిలో 72 మందికి ఇన్ఫెక్షన్ తిరగబెట్టింది. మచ్చల్లో మాత్రం తేడా రాలేదు. పైగా మందు వాడుతుండగా వచ్చిన ఇన్ఫెక్షన్లలో ఆ మందుకి లొంగని క్రిములు ఎక్కువ. కల్చర్ లేకుండా నడవదు అనేది అందుకే.

మచ్చ ఉందో లేదో డీఎంఎస్‌ఏ స్కాన్ (కిడ్నీ కండని చూపే న్యూక్లియర్ స్కాన్) చెబుతుంది. ఇన్ఫెక్షన్ తగ్గిన 4-6 నెలలకి తీయించాలి. తొందరపడితే తాజా వాపు కూడా మచ్చలాగే కనిపిస్తుంది.

కల్చర్ ప్లేటు:
ల్యాబ్ తరఫున, శాంపిల్ గురించి. ఉచ్చ వచ్చే చోటు ఉత్త నీళ్ళతో కడగండి. డెటాల్ వద్దు, అది క్రిమిని చంపేసి కల్చర్ ఖాళీగా వస్తుంది. మొదటి ధార వదిలేసి నడిమి ధార స్టెరైల్ డబ్బాలో పట్టండి, మూత లోపలివైపు వేలు తగలకూడదు. అతికించే సంచిలో పట్టినది నెగెటివ్ వస్తే నమ్మొచ్చు, పాజిటివ్ వస్తే నమ్మలేం, చర్మం మీది క్రిములు కలుస్తాయి.

చంటిబిడ్డకైతే పాలు పట్టిన 25 నిమిషాలకి చంకల కింద పట్టుకుని నిలబెట్టి, పొత్తికడుపు మీద వేళ్ళతో 30 సెకన్లు టకటక తట్టండి. తర్వాత నడుము దగ్గర వెన్నుకి రెండు పక్కలా 30 సెకన్లు గుండ్రంగా రుద్దండి. మళ్ళీ తట్టండి. చాలామంది ఐదు నిమిషాల్లోపే పోసేస్తారు. డబ్బా మూత తీసి ఇంకొకరు సిద్ధంగా ఉండాలి.

మామూలు వేడిలో గంట దాటితే క్రిమి పెరిగి లెక్క తప్పుతుంది. 2-8 డిగ్రీల చల్లదనంలో 24 గంటల వరకు పనికొస్తుంది. థర్మోకోల్ పెట్టెలో ఐస్‌ప్యాక్‌లు, డబ్బాకి గుడ్డ చుట్టాలి, గడ్డకట్టకూడదు. టీకాల క్యారియర్ మాత్రం వాడొద్దు. డబ్బా మీద తీసిన టైము, తీసిన పద్ధతి రాయండి: నడిమి ధారకి లక్ష చూస్తాం, గొట్టంతో తీస్తే 50 వేలు చాలు. మూత్రంలో ముంచే స్ట్రిప్‌లో నైట్రైట్ (క్రిమి తయారుచేసే పదార్థం) నెగెటివ్ వచ్చిందని వదిలేయకండి. అది తయారవడానికి మూత్రం ఒంట్లోని సంచిలో నాలుగు గంటలైనా ఆగాలి, చిన్నపిల్లల్లో ఆగదు.

నెఫ్రో (కిడ్నీ డాక్టర్):
నాయనమ్మగారికి ధైర్యం చెప్పండి, ఇది ఉద్దానం జబ్బు కాదు. కవిటి, సోంపేట వైపు చూసేది పెద్దవాళ్ళలో, రెండు కిడ్నీలూ సమంగా కుంచించుకుపోతాయి. రిఫ్లక్స్‌లో ఒకటి చిన్నది, ఒకటి పెద్దది, కొసల్లో గుంటలు. చిన్న వయసులోనే బీపీ. అందుకే ఇటువైపు పాతికేళ్ళ కుర్రాడికి బీపీ 160 ఉండి ఒక కిడ్నీ చిన్నదిగా కనిపిస్తే "ఉద్దానమే" అని రాసేయకుండా చిన్నప్పటి జ్వరాల గురించి అడగాలి.

పాపకి మచ్చ తేలితే ఏడాదికోసారి బీపీ, యూరిన్ ప్రోటీన్ చూడాలి. పెద్దవాళ్ళ పట్టీ చుడితే బీపీ తక్కువ చూపిస్తుంది. పిల్లల పట్టీ తెప్పించుకోండి.

కాశీనగర్ సిస్టర్:
చాలా థాంక్సండీ. జీ6పీడీ చేయలేదు, రేపే అడుగుతాను. ఇంకో రెండు: పాపకి మలబద్ధకం, మూడురోజులకోసారి. ఆరు నెలల తమ్ముడున్నాడు, వాడికీ ఎంసీయూ కావాలా?

పిల్లల వార్డు:
మలబద్ధకం ముందు చెప్పాల్సింది సిస్టర్. గట్టిపడిన మలం సంచిని నొక్కుతుంది, మూత్రం పూర్తిగా పోదు, మిగిలినదాంట్లో క్రిమి పెరుగుతుంది. దీన్ని వదిలేస్తే ఏ మందూ నిలవదు. లాక్టులోజ్ కేజీకి 1 మి.లీ.తో, అంటే రోజుకి 12 మి.లీ. రెండు విడతలుగా, డాక్టర్‌గారిని అడిగి మొదలుపెట్టి రోజూ మెత్తగా వచ్చేదాకా సర్దండి. నెలల తరబడి వాడాలి. పగలు రెండు మూడు గంటలకోసారి కూర్చోబెట్టండి, పాదాలు నేలకి ఆనాలి. పోసి లేచాక రెండు నిమిషాలాగి మళ్ళీ కూర్చోబెట్టండి, మిగిలింది వస్తుంది.

తోబుట్టువుల్లో నాలుగింట ఒకరికి ఉంటుంది. తమ్ముడికి ప్రస్తుతం అల్ట్రాసౌండ్ చాలు, అది నార్మల్‌గా ఉండి జ్వరాలు లేకపోతే ఎంసీయూ వద్దు. ధార సన్నగా, చుక్కలు చుక్కలుగా పడుతోందా అని వాళ్ళమ్మని అడగండి. అలా ఉంటే మూత్రమార్గంలో కవాటం అడ్డు ఉండొచ్చు, అప్పుడు ఆగకుండా బరంపురం పంపండి.