నాన్నగారి నోటు పుస్తకాలు: ఆర్కైవ్‌కి ఇవ్వాలా, ఇంట్లోనే ఉంచాలా?

చిన్నమ్మాయి_2
మా నాన్నగారు రాకెట్ ఘన ఇంధనం పనిలో ముప్పై ఏళ్లు చేసి రిటైరయ్యారు. సంస్థ పేరు ఇక్కడ వద్దు. పోయినేడు కాలం చేశారు. మొన్న అటక మీంచి ట్రంకు పెట్టె దింపితే అందులో 31 నోటు పుస్తకాలు, సంచీడు ఉత్తరాలు, చుట్టచుట్టిన గ్రాఫు కాగితాలు. అన్నయ్య పాత పేపర్లవాడికి కిలో లెక్కన ఇచ్చేయమంటాడు. అమ్మ అసలు ముట్టుకోనివ్వదు. ఆయన పనిచేసిన చోటికి రెండు ఉత్తరాలు రాశాను, ఉలుకూ పలుకూ లేదు. పాత కాగితాలు భద్రపరిచే ఏదైనా ఆర్కైవ్‌కి ఇద్దామని నాకుంది. ఇచ్చినవాళ్లెవరైనా ఉంటే చెప్పండి.

పెన్సిల్‌రాత
ఇచ్చేయండి, ఆలస్యం కూడా చేయకండి. నేను అమెరికాలో ఒక యూనివర్సిటీ లైబ్రరీలో ఇలాంటి పెట్టెలు విప్పి సర్దే పనే చేస్తాను. ఇక్కడ ఇది మామూలు విషయం. నాసా మొదటి ఫ్లైట్ డైరెక్టర్ క్రిస్ క్రాఫ్ట్ కాగితాలు ఆయన చదువుకున్న వర్జీనియా టెక్‌లో ఉన్నాయి. అపోలో రోజుల్లో నాసాను నడిపిన జేమ్స్ వెబ్‌వి ట్రూమన్ లైబ్రరీలో, నీల్ ఆర్మ్‌స్ట్రాంగ్‌వి పర్డ్యూ యూనివర్సిటీలో.

మీ అమ్మగారికి ఒక కథ చెప్పండి. 1926లో మొదటి ద్రవ ఇంధన రాకెట్‌ని ఎగరేసిన రాబర్ట్ గొడార్డ్ 1945లో పోయాడు. ఆయన భార్య ఎస్తేర్ కాగితాలన్నీ దాచింది, టైపు చేసింది, వాటి ఆధారంగా పేటెంట్లు తెచ్చింది. గొడార్డ్ పేరు మీదున్న 214 పేటెంట్లలో 131 ఆయన పోయాక వచ్చినవే! 1960లో అమెరికా ప్రభుత్వం ఆ పేటెంట్లు వాడుకున్నందుకు 10 లక్షల డాలర్లు కట్టింది. ఆవిడ కూడా ‘ముట్టుకోవద్దు’ అని పెట్టెకి తాళం వేసి కూర్చుంటే ఏమయ్యేది?

రాకీ_గుంటూరు
ఫోన్‌తో స్కాన్ కొట్టి డ్రైవ్‌లో పడేయండి. పని ఖతం.

పాత_ఫోర్‌మన్
అమ్మాయ్, ముందు ఒక్క మాట. అవి మీ నాన్నగారివి కావు. ఆఫీసు డబ్బుతో కొన్న పుస్తకంలో, ఆఫీసు వేళల్లో, ఆఫీసు పని గురించి రాసింది ఆఫీసుదే. అధికార రహస్యాల చట్టం 1923 నుంచీ ఉంది. యూనివర్సిటీకి ఇస్తావా, అక్కడ ఎవడెవడో చదువుతాడు. రేపు మీ అమ్మగారి గుమ్మం ముందు జీపు ఆగితే ఈ లైబ్రరీ బాబు అమెరికా నుంచి వచ్చి జవాబు చెప్తాడా?

ఇస్రో శాస్త్రవేత్త నంబి నారాయణన్ గారి సంగతి మర్చిపోయారా? 1994లో రాకెట్ రహస్యాలు అమ్మేశాడన్నారు. 1996లో సీబీఐ అదంతా అబద్ధమని తేల్చింది. సుప్రీంకోర్టు 50 లక్షలు ఇప్పించేసరికి 2018 వచ్చింది. ఆ 1994 డిసెంబరులో నా డైరీలు పదకొండూ పెరట్లో నీళ్ల కాగు కింద పెట్టాను. ఆ రోజు ఇంటిల్లిపాదీ వాటితో కాగిన నీళ్లే పోసుకున్నాం.

పెన్సిల్‌రాత
ఫోర్‌మన్ గారూ, మీ భయం నాకు అర్థమైంది. కానీ ఆ భయానికి అంతెక్కడ? 1950లో కాల్‌టెక్ ప్రొఫెసర్ చియన్ షుయెసెన్ చైనా వెళ్దామని సామాను కడితే అమెరికా కస్టమ్స్ వాళ్లు పట్టుకున్నారు. దగ్గర దగ్గర 800 కిలోల కాగితాలు. రహస్య సంకేతాలు దొరికాయని పేపర్లలో గోల. తీరా చూస్తే అవి లాగరిథమ్ పట్టికలు! మన ఇంటర్ పిల్లలు పరీక్షకు పట్టుకెళ్లేవి. ఐదేళ్లు సతాయించి 1955లో పంపించారు, ఆయన వెళ్లి చైనా క్షిపణి కార్యక్రమాన్ని నిలబెట్టాడు. ఇక్కడ వదిలేసిన రాతల్ని తోటి ప్రొఫెసర్ ఫ్రాంక్ మార్బుల్ దశాబ్దాలు దాచి, తర్వాత చైనాకి అప్పగించాడు.

పైగా ఆర్కైవ్ అంటే రోడ్డు మీద పరిచేది కాదు. ఇన్నేళ్లు తెరవకూడదని షరతు పెట్టుకోవచ్చు. సొంత ఉత్తరాలు వేరు, ఆఫీసు రికార్డులు వేరు. విడదీసి, ఆఫీసువి ఆఫీసుకే పంపిస్తారు.

పాత_ఫోర్‌మన్
ఏ ఆఫీసుకి? ఈ పిల్ల రెండు ఉత్తరాలు రాస్తే పలకని ఆఫీసుకా?

అనామిక_హైద్
ఇంత గోల ఎందుకండీ. నాసావాళ్లే చంద్రుడి మీదకి మనుషుల్ని పంపిన సాటర్న్-5 రాకెట్ బ్లూప్రింట్లు పారేసుకున్నారు. మనమెంత.

పెన్సిల్‌రాత
పారేసుకోలేదు. హంట్స్‌విల్‌లోని నాసా మార్షల్ సెంటర్‌లో మైక్రోఫిల్మ్ మీద ఉన్నాయి. ఈ పుకారుకి జవాబు చెప్పీ చెప్పీ నా నోరు పడిపోయింది.

అనామిక_హైద్
మరి చంద్రుడి మీద దిగిన టేపులు చెరిపేశారుగా?

పెన్సిల్‌రాత
అవి వేరే. అపోలో-11 నుంచి నేరుగా అందిన సంకేతాలు రికార్డైన అసలు టెలిమెట్రీ టేపుల మాట అది. చెరిపేసి మళ్లీ వాడేసి ఉంటారని 2009లో నాసాయే ఒప్పుకుంది. టీవీలో వచ్చిన ప్రసారం రికార్డింగులు ఉన్నాయి.

అనామిక_హైద్
అంటే చెరిపేశారనేగా. నేనన్నదీ అదే.

రాకీ_గుంటూరు
డ్రైవ్‌లో పెట్టి ఉంటే ఈ గొడవ ఉండేదా 😄

పెన్సిల్‌రాత
డ్రైవ్ డబ్బు కట్టడం మానేస్తే ఏమవుతుందో మీ మనవడు చెప్తాడు.

సాటర్న్ మాట వచ్చింది కాబట్టి ఒకటి నేనే ఒప్పుకుంటాను. కొన్నేళ్ల క్రితం హంట్స్‌విల్‌లో నాసా కుర్ర ఇంజినీర్లు ఆ రాకెట్ ఎఫ్-1 ఇంజిన్‌ని విప్పి చూశారు. 2013 జనవరిలో దాని ఇంధన పంపుల్ని తిప్పే గ్యాస్ జనరేటర్‌ని మళ్లీ మండించారు కూడా. డ్రాయింగులున్నాయి, అయినా ఇంజిన్ విప్పక తప్పలేదు. ఎందుకంటే ఒక్కో ఇంజిన్‌నీ వెల్డర్లు చేత్తో సరిచేశారు. ఆ చిన్న చిన్న మార్పులన్నీ కాగితం మీదకి ఎక్కలేదు.

పాత_ఫోర్‌మన్
ఆ! ఇప్పుడు దారికొచ్చావు. ఆ వెల్డర్ల కాగితాలు ఏ లైబ్రరీలో ఉన్నాయి బాబూ? నీ జాబితాలో ఉన్నదెవరు? నాసా అధిపతి, ఫ్లైట్ డైరెక్టర్, చంద్రుడి మీద నడిచినాయన.

పెన్సిల్‌రాత
దొరికితే వాళ్లవీ తీసుకుంటాం. కాల్చేస్తే ఎలా తీసుకుంటాం? మీరు కాల్చుకున్నారు కాబట్టి ఈవిడా కాల్చుకోవాలా? జీపు, చట్టం అని మీరు చెప్పేవన్నీ సాకులు. చేసిన తప్పుకి తోడు వెతుక్కుంటున్నారు.

పాత_ఫోర్‌మన్
ఏసీ గదిలో గ్లవుజులేసుకుని పేజీలు తిప్పేవాడివి, నువ్వా నాకు తప్పొప్పులు చెప్పేది? విను. మా ప్లాంటులో ఇంధనం ముద్ద పోసి ఉడికించాక ఎక్స్‌రే తీస్తే లోపల బుడగలు కనపడేవి. నెల రోజులు పెద్దపెద్దవాళ్లు తలలు పట్టుకున్నారు. ముసురు రోజుల్లో షిఫ్టు మారేటప్పుడు తలుపు తెరిచి పెడుతున్నారు, గట్టిపరిచే మందుకి చెమ్మ తగులుతోంది, అందుకే బుడగలు అని చెప్పింది నేను. పదో తరగతి చదివినవాణ్ణి. రిపోర్టు మీద మూడు సంతకాలు. నాది లేదు. అడిగితే ‘నువ్వు ఇంజినీరువి కాదు కదయ్యా’ అన్నారు. నా పదకొండు డైరీల్లో ఉన్నది అదే. ఎవరికిమ్మంటావు వాటిని? సంతకం పెట్టినవాళ్ల పెట్టె పక్కన పెట్టడానికా?

మోడరేటర్
వ్యక్తిగత మాటలు వద్దు. ఇద్దరికీ చెబుతున్నాను.

వేమవరం_కుర్రాడు
పైవాళ్లందరూ అలా ఉండరు సార్. 1979 ఆగస్టు 10న ఇస్రో రాకెట్ ఎస్‌ఎల్‌వీ-3 బంగాళాఖాతంలో పడితే అప్పటి ఇస్రో అధిపతి ధావన్ గారు తానే విలేకరుల ముందు కూర్చున్నారు. మరుసటి ఏడు జూలై 18న గెలిస్తే కలాం గారిని వెళ్లి మాట్లాడమన్నారు. కలాం గారే చెప్పేవారు.

పాత_ఫోర్‌మన్
ఆ కథంటే నాకూ ఇష్టమే నాయనా. ఆ కథలోనూ ఉన్నది ఇద్దరు పెద్దలే.

చిన్నమ్మాయి_2
మీరిద్దరూ పోట్లాడుకుంటుంటే నేను పుస్తకాలు ముందేసుకుని కూర్చున్నాను. ఫోర్‌మన్ గారూ, మీరు పనిచేసిందీ నాన్న పనిచేసిందీ ఒకచోటో కాదో నాకు తెలీదు, అడగను కూడా. 14వ పుస్తకంలో ఒక పేజీ ఉన్నదున్నట్టు రాస్తున్నాను:

“ముసురు. గదిలో తేమ 84. పోత ఆపించాను. టెక్నీషియన్ చెప్పింది నిజమే. పైకి చెప్పాలి.”

కింద, వేరే ఇంకుతో: “ఉల్లిపాయలు 2 కి., పెద్దదాని ఫీజు.”

టెక్నీషియన్ ఎవరో రాయలేదు. మొత్తం 31 పుస్తకాల్లో వెతికాను. సార్ల పేర్లు ఇనిషియల్స్‌తో సహా ఉన్నాయి. మిగతావాళ్లంతా ‘టెక్నీషియన్’, ‘హెల్పర్’, ‘రెండో షిఫ్టు అతను’. మా నాన్నే రాశారు ఇలా. రాత్రి నిద్ర పట్టలేదు.

పాత_ఫోర్‌మన్
చూశావా.

పాత_ఫోర్‌మన్
మీ నాన్నగారిని అనడం లేదమ్మా. ‘నిజమే’ అని రాశారు, అది చాలామంది రాయరు. పైకి చెప్పారో లేదో మాత్రం ఆ పుస్తకంలో ఉండదు.

పెన్సిల్‌రాత
ఫోర్‌మన్ గారూ, సాకులు అన్నందుకు క్షమించండి. నేను సర్దిన పెట్టెల్లో టెక్నీషియన్ పేరు మీద ఉన్న పెట్టె ఒక్కటీ లేదు. ఇప్పటిదాకా లెక్క వేసుకోలేదు. గ్లవుజుల మాట మాత్రం తప్పు, కాగితానికి మేం గ్లవుజులు వేసుకోం. చేతులు కడుక్కుంటాం, అంతే.

చిన్నమ్మాయి_2
పొద్దున ఆ పేజీ అమ్మకి చదివి వినిపించాను. ఇన్నాళ్లూ పెట్టె ముట్టుకోనివ్వని మనిషి కళ్లజోడు తెచ్చుకుని కూర్చుంది. ‘ఆ ఏడు మీ నాన్న షిఫ్టులో ముగ్గురుండేవారు, ఒకతను ఎండాకాలం మనింటికి పనసకాయలు తెచ్చేవాడు’ అని ముగ్గురి పేర్లూ ఇంటిపేర్లతో సహా చెప్పింది. రెండో షిఫ్టు అతనికి ఎడమచేతి వాటమట. పేజీ మీద ఆ పేర్లు రాసెయ్యనా?

పెన్సిల్‌రాత
పేజీ మీద వద్దు! విడి చీటీ మీద పెన్సిల్‌తో రాయండి. ఎవరు చెప్పారో, ఏ రోజు చెప్పారో వేయండి. పుస్తకం నంబరు, పేజీ నంబరు కూడా. గుండుసూదులు, స్టేపుల్ పిన్నులు ఉంటే తీసేయండి, తుప్పు కాగితాన్ని తినేస్తుంది. లామినేషన్ జోలికి పోవద్దు. అమ్మగారు చెబుతుంటే ఫోన్‌లో రికార్డు చేయండి. బెంగళూరులో జీవశాస్త్ర పరిశోధన సంస్థ ఎన్‌సీబీఎస్‌లో 2019 నుంచి సైన్సు చరిత్రకి ఆర్కైవ్ నడుస్తోంది, వాళ్లకి ఒక ఉత్తరం రాసి అడగండి. ఎవరికిచ్చినా చీటీలతో కలిపే ఇవ్వండి.

రాకీ_గుంటూరు
స్కాన్ కూడా చేయండి మేడమ్, సీరియస్‌గానే అంటున్నా.

చిన్నమ్మాయి_2
అన్నయ్య రాత్రి ఫోన్ చేసి 14వ పుస్తకం తనకి కావాలన్నాడు. కిలో ఎంతకి అని అడిగాను.

ఫోర్‌మన్ గారూ, అమ్మకి ప్లాంటు పని తెలీదు, మనుషులు తెలుసు. నాకు రెండూ తెలీవు. మీరు ఒక ఆదివారం వచ్చి పక్కన కూర్చుంటే ఆ గ్రాఫులేమిటో చెబుతారా? బస్సు చార్జీలు నావి.

పాత_ఫోర్‌మన్
బస్సు నా వల్ల కాదు, మోకాళ్లు. ఫోటోలు తీసి పంపు, చూస్తాను. తేదీ కనపడేలా తియ్యి. గ్రాఫు కాగితం మూల మీద బ్యాచి నంబరు ఉంటుంది, దాన్ని కత్తిరించకుండా తియ్యి.