భూమి ఉన్న రైతుల్ని మా ధర్నాకి పిలవాలా, వద్దా?

డెల్టా కౌలుదారు:
మాది తెనాలి వైపు. మిల్లుల్లో ధాన్యం తూకంలో పెట్టే కోతల మీద మా కౌలురైతులంతా ధర్నా అనుకుంటున్నాం. 2025-26 మద్దతు ధర క్వింటా 2,369 అంటే 75 కిలోల బస్తాకి 1,777 దాకా రావాలి, తేమ 17 శాతం దాటిందంటూ తరుగు తీసేసి చేతిలో పెట్టేది వేరు. ఈ దెబ్బ సొంత భూమి రైతుకీ తగులుతోంది కాబట్టి వాళ్లనీ పిలుద్దామంటే మావాళ్లలో సగం మంది ససేమిరా అంటున్నారు. 2019 పంట సాగుదారు హక్కుల చట్టం ప్రకారం కౌలురైతుకిచ్చే సాగుదారు కార్డుకి భూయజమాని సంతకం కావాలి, అది పెట్టనిది వీళ్లే కదా, కార్డు లేక మన పంట డబ్బు వాళ్ల ఖాతాలో పడుతోంది కదా అని. వాళ్ల కోపం తప్పని నేననలేను. ఏం చెయ్యమంటారు?

నాగలి:
పిలవండి అన్నా. 2013లో యూపీలోని ముజఫర్‌నగర్‌లో జాట్లకీ ముస్లింలకీ మధ్య జరిగిన అల్లర్లలో 60 మందికి పైగా చనిపోయారు, వేలమంది ముస్లింలు ఊళ్లొదిలి పోయారు. అక్కడి జాట్ రైతు నాయకులు టికాయత్‌ల కిసాన్ యూనియన్‌లో ఏళ్ల తరబడి ఉన్న ముస్లిం నాయకుడు గులాం మహమ్మద్ జౌలా బయటికొచ్చేశారు. అదే జౌలా 2021 జనవరిలో, కేంద్రం తెచ్చిన సాగు చట్టాల మీద రైతులు పోరాడుతున్నప్పుడు, అక్కడి మహాపంచాయతీలో వేదికెక్కి, ముస్లింలని చంపడం మీరు చేసిన తప్పు అని జాట్ల మొహం మీదే చెప్పారు. సెప్టెంబర్ 5న అదే ముజఫర్‌నగర్‌లో రాకేశ్ టికాయత్ అల్లాహు అక్బర్, హర్ హర్ మహాదేవ్ రెండు నినాదాలూ ఇప్పించారు. నవంబర్‌కల్లా ఆ మూడు సాగు చట్టాలూ వెనక్కి పోయాయి. మీరూ సంతకం సంగతి వాళ్ల ముందే, మైకులోనే చెప్పండి, మింగేసి కూర్చోవద్దు.

కూలిబిడ్డ:
అంత సులువు కాదండీ. 2020లో పంజాబ్‌లో వలస కూలీలు లేక నాట్ల కూలి పెరిగితే చాలా ఊళ్ల పంచాయతీలు ఇంతకు మించి ఇవ్వొద్దని తీర్మానాలు చేశాయి, దెబ్బతిన్నది దళిత కూలీలు. ఆ చలికాలమే ఢిల్లీ సరిహద్దుల్లో కిసాన్ మజ్దూర్ ఏక్తా, అంటే రైతు కూలీల ఐక్యత, అని అరిచారు. చట్టాలు పోయాయి, మంచిదే, మరి కూలి రేటు సంగతి? ఐక్యత అన్న ప్రతిసారీ చిన్నవాడి డిమాండే తర్వాత చూద్దాం అవుతుంది. కరపత్రంలో సంతకం డిమాండు పైన ఉంటేనే కలవండి, లేదంటే మీ ధర్నా మీరు చేసుకోండి.

మూడెకరాలు:
నాకు భూమి ఉంది, ఇంకో నాలుగెకరాలు కౌలుకి చేస్తాను. నేను ఎటు వైపు? మా ఊళ్లో నాలాంటివాళ్లే ఎక్కువ. సంతకం పెట్టకపోవడానికి చాలామందికి భయమే కారణం, కార్డు ఇస్తే రేపు భూమి నాదంటాడేమో అని. కార్డు కోసం రాసే ఒప్పందం 11 నెలలకే, హక్కుకీ దానికీ సంబంధం లేదని ఇంటింటికీ వెళ్లి కూర్చుని చెప్పినవాళ్లు లేరు. హైదరాబాద్‌లో ఉండి కౌలు తినేవాణ్ణీ, మిల్లు దగ్గర ట్రాక్టరు మీద రాత్రంతా పడుకునేవాణ్ణీ ఒకే గాటన కట్టకండి దయచేసి. ఆ రెండోవాడు మీతో వస్తాడు.

డెల్టా కౌలుదారు:
కూలిబిడ్డ గారూ, సంతకం డిమాండు మొదటి లైన్లోనే పెడుతున్నాం, దానికి ఒప్పుకున్నవాళ్లనే పిలుస్తాం. మూడెకరాల అన్నా, ఆ 11 నెలల సంగతి యజమానులకి మీలాంటివాళ్లు చెబితేనే ఎక్కుతుంది. ఒక్కసారి మా మీటింగుకి రండి.