అప్‌డేట్: పద్నాలుగేళ్ల అమ్మాయితో ‘సైకో’ (1960) చూడవచ్చా అన్న నా ప్రశ్నకు ముగింపు

మా అక్క కూతురికి పద్నాలుగేళ్లు. ఆమెతో కలిసి ఆల్‌ఫ్రెడ్ హిచ్‌కాక్ తీసిన ‘సైకో’ చూడవచ్చా, స్నానాలగది హత్యను దాటవేయాలా అని గత నెల కడప నుంచి ఇక్కడ అడిగాను. ఓపికగా జవాబిచ్చిన అందరికీ కృతజ్ఞతలు. మొన్న ఆదివారం పగటిపూట, అక్క కూడా పక్కన కూర్చోగా, చిత్రం పూర్తిగా చూశాము.

దృశ్యాన్ని దాటవేయకుండా, దాన్ని ఎలా తీశారో ముందే చెప్పమన్న సలహా బాగా పనిచేసింది. నలుపు తెలుపు చిత్రం కనుక రక్తానికి బదులు చాక్లెట్ సిరప్ వాడారనీ, కత్తి కంటే బెర్నార్డ్ హెర్మన్ కేవలం తంత్రీవాద్యాలతో కూర్చిన ఆ కీచు సంగీతమే ఎక్కువగా భయపెడుతుందనీ వివరించాను. ఆ కాసేపూ ఆ అమ్మాయి వాళ్లమ్మ కొంగు అంచును వేలికి చుట్టుకుంటూనే ఉంది గానీ, కళ్లు మూసుకోలేదు.

నేను బెంగపడిన నగ్నత్వం అసలు సమస్యే కాలేదు. శబ్దం తగ్గించే అవసరమూ రాలేదు. ఇబ్బంది పెట్టినవి వేరు: మెట్ల మీద డిటెక్టివ్‌పై జరిగే దాడి, చివర నేలమాళిగలో కుర్చీ తిరగగానే కనిపించే హంతకుడి తల్లి శవం. వీటి గురించి ముందుగా చెప్పకపోవడం నా పొరపాటే. ఆ రాత్రి గదిలో దీపం ఆర్పనివ్వలేదు.

ముగింపులో హంతకుడి మనసు గురించి వైద్యుడు ఇచ్చే వివరణ విన్నాక, “మనసు బాగాలేని వాళ్లందరూ ఇలాగే చేస్తారా, పిన్నీ?” అని అడిగింది. అలా కాదని, ఇది భయపెట్టడానికి అల్లిన కథ అని, అలాంటి వారిలో చాలామంది ఎవరికీ హాని చేయరని నచ్చజెప్పడానికి గంట పట్టింది. పిల్లలతో చూడదలచినవారు ఆ గంటను కూడా లెక్కలో వేసుకోండి.