అప్‌డేట్: కె1000 ఫొటోల్లో నారింజ చార పోయింది

పెంటాక్స్ కె1000 అనే పాత ఫిల్మ్ కెమెరాతో తీసిన ఫొటోల్లో ఎడమ అంచున నారింజ చార ఎందుకొస్తోందని అడిగాను కదా. లెన్స్ తప్పేం లేదు, వెలుగు లోపలికి దూరకుండా వెనక తలుపు చుట్టూ ఉండే ఫోమే పాడైంది. లెన్స్ బొమ్మను తిరగేస్తుంది కాబట్టి, ఫొటోలో ఎడమంటే కెమెరాను వెనకనుంచి చూస్తే కుడివైపు, అంటే కీలు ఉన్న పక్క. వెనకనుంచి దూరిన వెలుగు ముందు ఫిల్మ్ బేస్‌ను (పొరలన్నీ అంటి ఉండే ప్లాస్టిక్‌ను) దాటి, అడుగున ఉండే, ఎరుపు రంగును పట్టే పొరను తాకుతుంది. అందుకే ఆ రంగు.

ఖాయం చేసుకోడానికి సగం రోలు కీలు మీద నల్ల టేపు వేసి తీశాను. ఆ ఫ్రేముల్లో చార లేదు.

పాత ఫోమ్ కరిగి తారులా అంటుకుపోయింది. చెక్క టూత్‌పిక్‌తో గీకి, ఐసోప్రొపైల్ ఆల్కహాల్ అద్దిన ఇయర్‌బడ్‌తో తుడవాలి. ఆల్కహాల్ అద్దాలేగానీ పోయకూడదు, షట్టర్ గుడ్డ (ఫిల్మ్ ముందుండే తెర) మీద పడితే కొత్త తలనొప్పి. ఊడిన ముక్కలు లోపల పడకుండా కెమెరాను తెరిచిన వెనకవైపు కిందికి ఉండేలా పట్టుకోవాలి. పైన, కింద సన్నటి గాడుల్లో నల్ల ఊలు దారం, కీలు దగ్గర 2 మి.మీ. ఫోమ్ పెట్టాను. మందం ఎక్కువైతే తలుపు మూసుకోదు.

ఫొటో తీసేటప్పుడు లోపలి అద్దం పైకి లేచి తగిలే చోట ఉన్న ఫోమ్ ఇంకా మార్చలేదు. పక్కనే ఫోకసింగ్ స్క్రీన్ (ఫోకస్ చూసుకునే పలక) ఉంది, ఇట్టే గీతలు పడతాయి.