గ్రీసులో రోడ్డు లేని తీరగ్రామం లూత్రో: పెద్దవాళ్లతో వెళ్లవచ్చా?

ప్రశ్న: కాకినాడతీరం

అందరికీ నమస్కారం. మేము ఫ్రాంక్‌ఫర్టులో ఉంటున్నాము. మా అమ్మానాన్నలు ఆగస్టు చివర కాకినాడ నుంచి వచ్చి నవంబరు మొదటి వారం దాకా మా దగ్గర ఉంటారు. నాన్నగారికి 71 ఏళ్లు, అమ్మకు 66. ఉద్యోగం చేసినన్నాళ్లూ నాన్నగారు రేవు పక్కనే గడిపారు కాబట్టి సముద్రం లేని సెలవు ఆయనకు సెలవులా అనిపించదు. కిందటిసారి వచ్చినప్పుడు వారిని సాంతోరిని తీసుకువెళ్లాము. ఈయా ఊళ్లో సూర్యాస్తమయం చూడడానికి వచ్చిన జనం మధ్య ముందుకూ వెనక్కూ కదలలేక అమ్మ దాదాపు గంటసేపు మెట్ల మీద గోడ పట్టుకుని నిలబడింది. మేము దిగిన హోటలువారు సముద్రం దగ్గరలోనే ఉందని ప్రకటించారు గానీ, అది కొండ అంచు నుంచి కిందికి కనబడడమే తప్ప అమ్మ మోకాళ్లతో దిగగలిగిన దూరం కాదని వెళ్లాకే తెలిసింది. తిరిగి వచ్చేటప్పుడు నాన్నగారు "సముద్రాన్ని చూశాం రా, సముద్రం దగ్గర కూర్చోలేదు" అన్నారు. ఆ మాట నన్ను ఇప్పటికీ బాధపెడుతూనే ఉంది.

అందుకని ఈసారి పేరున్న చోట్లు వదిలేసి, క్రీట్ ద్వీపం దక్షిణ తీరంలో ఉన్న లూత్రో అనే చిన్న ఊరికి వెళ్దామనుకుంటున్నాము. ఆ ఊరికి రోడ్డు లేదనీ, పడవ మీద గానీ కాలినడకన గానీ చేరాలనీ విన్నాను. అమ్మానాన్నలకు జర్మనీ ఇచ్చిన షెంగెన్ వీసా గ్రీసుకూ చెల్లుతుంది కాబట్టి ఆ చింత లేదు. నా సందేహమల్లా, మోకాళ్ల నొప్పి ఉన్న మనిషికి ఆ ఊరు అనువుగా ఉంటుందా, అక్కడి బీచ్‌లు ఎలాంటివి, ఏ నెలలో వెళ్లాలి అన్నదే. అమ్మ మాంసం, చేప, గుడ్డు ముట్టదు. స్వయంగా వెళ్లి వచ్చినవారు ఉన్నది ఉన్నట్టు చెబితే మేలు చేసినవారవుతారు.

జవాబు: పెన్నాతీరం

లూత్రోకు మేము రెండుసార్లు వెళ్లాము. రెండోసారి మా మామగారిని కూడా తీసుకుని సెప్టెంబరు ఆఖరి వారంలో నాలుగు రాత్రులు ఉన్నాము. మీ నాన్నగారు కోరుకున్నది సముద్రం దగ్గర కూర్చోవడమే అయితే, నేను చూసిన గ్రీకు ఊళ్లలో అందుకు ఇంతకన్నా తగినది లేదని నా నమ్మకం.

ముందు దారి సంగతి చెబుతాను. జర్మనీ నుంచి ఆ రోజుల్లో క్రీట్‌లోని చానియా నగరానికి నేరుగా విమానాలు ఉంటాయి. చానియా నుంచి హోరా స్ఫాకియాన్ అనే రేవు సుమారు 70 కిలోమీటర్లు, బస్సులో గంటన్నర దాటుతుంది. అస్కీఫు అనే ఎత్తైన మైదానం దాటాక రోడ్డు మెలికలు తిరుగుతూ లిబియా సముద్రం వైపు దిగుతుంది. మలుపుల్లో కడుపులో తిప్పేవారు బయలుదేరే ముందే అవోమిన్ వేసుకోవడం మంచిది. రేవులో పడవ ఎక్కితే అరగంట లోపే, కొండ పాదం దగ్గర నెలవంకలా వంగిన చిన్న అఖాతమూ, దాని చుట్టూ నీలం తలుపుల తెల్లటి ఇళ్లూ కనబడతాయి. ఊరు అంతే. దాని వెనక నిట్టనిలువుగా కొండ లేస్తుంది. కారు గానీ మోటారుసైకిలు గానీ అక్కడికి రాలేదు కాబట్టి, రాత్రి పడుకుంటే కెరటం వెనక్కి తగ్గేటప్పుడు గులకరాళ్లు ఒకదాని మీద ఒకటి దొర్లే చప్పుడు గది లోపలికి వినబడుతుంది. మా మామగారు మొదటి రాత్రి ఆ చప్పుడు విని వాన పడుతోందనుకుని, ఆరేసిన బట్టల కోసం లేచారు.

రోజంతా అంత నిశ్శబ్దంగా ఉంటుందని మాత్రం అనుకోకండి. మధ్యాహ్నం పడవల్లో సందర్శకులు దిగుతారు. 16 కిలోమీటర్ల సమారియా లోయ నడిచి అగియా రూమెలి అనే తీరగ్రామంలో తేలినవారిలో కొందరు సాయంత్రం పడవ మీద ఇక్కడికి వస్తారు. ఆఖరి పడవ వెళ్లిపోయాక మాత్రం ఊరు ఊరివాళ్లదీ, రాత్రికి ఉండిపోయినవాళ్లదీ అవుతుంది.

ఊళ్లో ఉన్న బీచ్ చిన్నది, ఇసుక లేదు, అంతా గులకరాళ్లే. నీళ్లు అద్దంలా ఉంటాయి గానీ నాలుగడుగులు వేసేసరికి లోతెక్కుతాయి. మన తీరంలో ఇసుక మీద నడిచే అలవాటున్న పాదాలకు ఆ రాళ్లు బాధపెడతాయి కాబట్టి, నీళ్లలోకి కూడా వేసుకుని దిగగలిగే రబ్బరు చెప్పులు అందరికీ కొనండి.

నాకు మరిచిపోలేని చోటు మాత్రం గ్లీకా నేరా. ఆ మాటకు మంచినీళ్లని అర్థం. హోరా స్ఫాకియాన్‌కూ లూత్రోకూ మధ్య, ఎత్తైన కొండ అంచు కింద ఉన్న గులకరాళ్ల తీరం అది. మా నెల్లూరు వైపు ఎండాకాలంలో పెన్నలో ఇసుక తోడి చెలమ తీసినట్టే, అక్కడ సముద్రానికి కొన్ని అడుగుల దూరంలో గులకరాళ్లను చేత్తో పక్కకు లాగితే జానెడు లోతులో నీళ్లు ఊరాయి. దోసిట్లోకి తీసుకుని తాగితే ఉప్పన్న మాట లేదు, పళ్లు జివ్వుమనేంత చల్లన. వెనక ఉన్న తెల్లకొండలు సున్నపురాయివి, వాటిలో పాఖ్నెస్ శిఖరం 2,453 మీటర్ల ఎత్తుంటుంది. అక్కడ కరిగిన మంచూ కురిసిన వానా రాతి పగుళ్లలో ఇంకి, లోపల లోపలే ప్రవహించి, ఇలా తీరంలో బయటపడతాయి. మంచినీళ్లు ఉప్పునీళ్లకన్నా తేలిక కాబట్టి, ఒడ్డు దగ్గర ఈదేటప్పుడు పైన చల్లగా, కింద వెచ్చగా తగులుతుంది. కొండ అంచున కాలిబాట ఉంది గానీ మీ వాళ్లకు అది వద్దు. లూత్రో నుంచి చిన్న పడవలు అక్కడికి తిరుగుతాయి.

పడమట మర్మరా అనే ఇంకో తీరం ఉంది. అరదెనా లోయ సముద్రాన్ని కలిసే చోట, నీళ్లు తొలిచిన పాలరాతి బండల మధ్య ఉంటుంది. ఈత వచ్చినవారికి అది పండుగే గానీ పెద్దవాళ్లకు బండల మీద నడక కష్టం.

ఊరి పక్క మెరక దాటితే ఫీనికాస్ అఖాతం వస్తుంది. బైబిలు చదివేవారికి ఆ పేరు తెలిసే ఉంటుంది. అపొస్తలుల కార్యములు 27వ అధ్యాయంలో పౌలు ఎక్కిన ఓడవారు చలికాలం గడపడానికి చేరాలనుకున్న ఫీనిక్సు రేవు ఇదేనని చెబుతారు.

జవాబు: మున్నేరు

పెన్నాతీరం గారు చెప్పినదంతా నిజమే, అయినా పెద్దవాళ్లతో వెళ్లేవారికి మరో వైపు కూడా చెప్పడం నా బాధ్యత అనుకుంటున్నాను. రోడ్డు లేకపోవడమే ఆ ఊరి ప్రశాంతతకు కారణం, ఆపద వేళ అదే ఇబ్బందికీ కారణమవుతుంది. మేము తిరిగి రావలసిన రోజు ఎండ కాస్తూ ఉంది, ఆకాశంలో మబ్బు తునక లేదు, అయినా పొద్దున్నుంచి పడవ రాలేదు. గాలి కొండ మీదినుంచి కిందికి విసిరి, అఖాతం బయట నీళ్లను పొగలా లేపుతోంది. మాకు ప్రయాణం ఏర్పాటు చేసినవారు "అరగంట పడవే కదా, ఉదయం లూత్రోలో బయలుదేరి సాయంత్రం విమానం ఎక్కవచ్చు" అని భరోసా ఇచ్చారు. మేము దాన్ని నమ్మాము, విమానం తప్పింది, నలుగురికి కొత్త టిక్కెట్లు కొనవలసి వచ్చింది.

ఉత్తరపు గాలి దక్షిణ తీరాన్ని తాకదని కొందరు అంటారు. అది పొరపాటు. జూలై, ఆగస్టుల్లో వీచే ఆ గాలిని గ్రీకులు మెల్తెమి అంటారు. అది తెల్లకొండలెక్కి, ఆవలి వైపు సందుల గుండా ఒక్కసారిగా దూకుతుంది కాబట్టి దక్షిణాన కొన్నిచోట్ల ఇంకా ఉద్ధృతంగా ఉంటుంది. పైన చెప్పిన ఫీనిక్సు కథలో కూడా ఆ ఓడ రేవు చేరలేదు. ద్వీపం మీదినుంచి పెనుగాలి విసిరి దాన్ని నడిసముద్రంలోకి ఈడ్చుకుపోయింది.

అందువల్ల తిరుగు విమానానికి ముందు రాత్రి తప్పనిసరిగా చానియాలో ఉండండి. మీ వాళ్లు రోజూ వేసుకునే మందులు వారం రోజులకు అదనంగా పెట్టుకోండి. పెద్దాసుపత్రి చానియాలోనే ఉంది. అత్యవసరమైతే 112కు ఫోన్ చేయాలి. షెంగెన్ వీసా కోసం కనీసం 30,000 యూరోల వైద్య బీమా తీసుకునే ఉంటారు కదా, ఆ కాగితాలు పెట్టెలో కాకుండా చేతిసంచిలో ఉండాలి.

మీ అమ్మగారి మోకాళ్లు మరీ ఇబ్బంది పెడుతుంటే, అదే తీరంలో పడమటగా ఉన్న పలియోహోరా గురించి ఆలోచించండి. అక్కడికి రోడ్డు ఉంది, నేల చదును. ఊరు సముద్రంలోకి చొచ్చుకువచ్చిన నేల మీద ఉండడంతో పడమటి వైపు విశాలమైన ఇసుక బీచ్, తూర్పు వైపు గులకరాళ్ల బీచ్ ఉన్నాయి. ఒక వైపు గాలి ఎక్కువైతే ఇంకో వైపుకు కొద్ది నిమిషాల్లో నడిచి వెళ్లవచ్చు. లూత్రో అంత నిశ్శబ్దం ఉండదు, అది చిన్న పట్నమే. నేనైతే మా అమ్మను అక్కడికే తీసుకువెళ్తాను.

జవాబు: తుంగభద్ర

నేను పూర్తి శాకాహారిని, లూత్రోలో అయిదు రోజులున్నాను, ఒక్క పూట కూడా పస్తు పడుకోలేదు. అక్కడి భోజనశాలల్లో వండిన పదార్థాలను పెద్ద పళ్లేల్లో అద్దాల వెనక పెడతారు కాబట్టి భాష రాకపోయినా వేలు పెట్టి చూపి అడగవచ్చు. ఫావా అంటే పచ్చబఠాణీ బద్దల్లాంటి పసుపు పప్పును మెత్తగా ఉడికించి, ఆలివ్ నూనె, ఉల్లిపాయ వేసి ఇస్తారు. అది అచ్చంగా మన ముద్దపప్పు వరస. గిగాంతెస్ అంటే టమాటాలో ఉడికిన పెద్ద తెల్ల చిక్కుడు గింజలు, బ్రియామ్ అంటే వంకాయ, బంగాళాదుంప, గుమ్మడి జాతి కాయలు కలిపి ఓవెన్‌లో మగ్గించిన కూర, హోర్తా అంటే ఉడికించి నిమ్మరసం పిండిన ఆకుకూర. లూత్రో ఉన్న స్ఫాకియా ప్రాంతానికే పేరు తెచ్చిన పిటా అనే రొట్టె ఒకటుంది. పిండి ముద్దలో మిజిథ్రా అనే మెత్తటి జున్ను పూర్ణంలా పెట్టి, బొబ్బట్టులా పలచగా ఒత్తి, పెనం మీద కాల్చి, పైన తేనె పోస్తారు. మీ అమ్మగారికి తప్పకుండా నచ్చుతుంది.

ఒక జాగ్రత్త ఉంది. "నిస్తీసిమో" అంటే ఉపవాస భోజనమని చెప్పి, అదే అడగమని చాలామంది సలహా ఇస్తారు. అందులో మాంసం, పాలు, గుడ్డు ఉండవు, నిజమే, కానీ వారి ఆచారం ప్రకారం ఆక్టోపస్, రొయ్య వంటివి ఉపవాసంలో తినవచ్చు. కాబట్టి ఆ ఒక్క మాటను నమ్ముకోకుండా, పళ్లేన్ని చూపించి "హోరిస్ క్రేయాస్, హోరిస్ ప్సారి", అంటే మాంసం లేకుండా, చేప లేకుండా అని విడిగా అడగండి. అన్నం కూరిన టమాటాలు, గెమిస్తా, కొన్నిచోట్ల ఖీమాతో చేస్తారు, అక్కడా అడగాలి.

పెన్నాతీరం గారు చెప్పని సంగతి ఒకటి నేను చెప్పక తప్పదు. గ్లీకా నేరాలో బట్టలు లేకుండా స్నానం చేసే అలవాటు చాలాకాలంగా ఉంది. వారు ఎవరి జోలికీ రారు, ఆ చోటు నాకూ ఎంతో నచ్చింది, కానీ ముందుగా తెలియకుండా అమ్మానాన్నలతో పడవ దిగితే అందరూ ఇబ్బంది పడతారు. ఊళ్లోని బీచ్‌లో ఆ సమస్య లేదు. నేను పంజాబీ డ్రెస్సుతోనే నీళ్లలో దిగాను, ఎవరూ తలతిప్పి చూడలేదు.

కాకినాడతీరం

ముగ్గురికీ మనసారా కృతజ్ఞతలు. నిన్న రాత్రి ఈ జవాబులన్నీ అమ్మానాన్నలకు ఫోనులో చదివి వినిపించాను. చెలమ సంగతి విన్నాక నాన్నగారు పలియోహోరా మాట ఎత్తనివ్వడం లేదు, మంచినీళ్ల తీరాన్ని పడవలోంచి చూసినా చాలునంటున్నారు. సెప్టెంబరు మూడో వారంలో నాలుగు రాత్రులు లూత్రోలో, ఆఖరి రాత్రి చానియాలో ఉండేలా అనుకున్నాము. అమ్మ పడవ ఎక్కి దిగగలదా, గది ఎలాంటిది తీసుకోవాలి అన్న రెండు విషయాలు ఎవరైనా చెప్పగలరా?

జవాబు: పెన్నాతీరం

తుంగభద్ర గారూ, ఆ సంగతి నేను మొదటే రాయవలసింది. మా మామగారిని అక్కడికి తీసుకువెళ్లలేదు కాబట్టి తట్టలేదు, మన్నించండి.

పెద్ద పడవ గురించి భయం అక్కరలేదు. దాని తలుపు వంతెనలా కిందికి వాలి గట్టుకు ఆనుతుంది, అమ్మగారు చేయి పట్టుకుని మెల్లగా నడిచి దిగవచ్చు. చిన్న పడవలు అలా కాదు. ఊగుతున్న అంచు మీదుగా కాలు ఎత్తి వేయాలి. గాలి లేని ఉదయం పూట అయితేనే వాటిలో వెళ్లండి, లేకపోతే నాన్నగారిని మీరొక్కరే తీసుకువెళ్లి, దిగకుండా తీరం చూపించి రండి.

గది మాత్రం నీళ్ల పక్కనున్న ముందు వరుసలో, కింది అంతస్తులోనే కావాలని పట్టుబట్టి, మెట్లు ఎన్ని అని అంకెతో సహా రాతపూర్వకంగా అడగండి. వెనక వరుసల ఇళ్లు కొండకు ఎగబాకి ఉంటాయి. సామాను గట్టు నుంచి గదిదాకా మీరే మోయాలి కాబట్టి పెట్టెలు చానియాలో వదిలి, తలా ఒక సంచితో రావడం మేలు. డబ్బు కూడా చానియాలోనే తీసి ఉంచుకోండి.

ఉదయం ఏడు గంటలకు అఖాతం కదలదు, భోజనశాలలవాళ్లు అప్పుడప్పుడే కుర్చీలు సర్దుతుంటారు. నీళ్ల అంచున ఉన్న బల్ల దగ్గర మా మామగారు రోజూ కాఫీ తెప్పించుకుని, ప్యాంటు మోకాళ్లదాకా మడిచి కూర్చునేవారు. నాన్నగారిని అక్కడ కూర్చోబెట్టండి. మొదటి పడవ వచ్చేదాకా ఆయన్ని ఎవరూ లేవమనరు.